గోడవార దుమ్ము

గుత్తి బజారులో కోటవైపు తిరిగే మలుపు దగ్గర ఒక రేకుల అంగడి ఉండేది. దానికి బోర్డు లేదు. వాకిట్లో వేలాడే గరాటులు, లాంతరు బుడ్లు, నూనె కొలిచే చిన్న పాత్రలు చూసి జనం గుర్తుపట్టేవాళ్లు. ఊళ్లో దాన్ని ఈరప్ప అంగడి అనేవాళ్లు. నాకు ఊహ తెలిసేనాటికి అక్కడ కత్తెర పట్టుకుని కూర్చునేది మాత్రం ఈరప్ప కాదు, ఆయన భార్య లక్ష్మీనరసమ్మ. ఆమె సంగతులు కొన్ని మా అమ్మ చెప్పింది. కొన్ని కంటి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన మారెక్క చెప్పింది. మిగిలినవి లక్ష్మీనరసమ్మే, చేతిలో పని ఆపకుండా, అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెప్పింది.

ఆమెది కొత్తచెరువు. పుట్టినింట్లో మెట్ట చేను, నాలుగు మేకలు. పెళ్లయి గుత్తికి వచ్చేనాటికి రేకు అంటే ఆమెకు నీళ్లు మోసే డబ్బా తప్ప మరొకటి తెలియదు. ఈరప్ప బళ్లారిలో ఒక సాయెబు దగ్గర పని నేర్చుకొచ్చినవాడు. ఆయన అతికిన చోట వేలు పెట్టి రాస్తే రేకు ఎక్కడ ఆగిందో, తగరం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మాట తక్కువ మనిషి. పిల్లలు పుట్టలేదు. ఆ విషయంలో ఒకరినొకరు ఎప్పుడూ ఏమీ అనుకోలేదని ఆమె అనేది.

పెళ్లయిన పదేళ్లకో ఏమో, ఈరప్ప కత్తెర గీత తప్పడం మొదలుపెట్టింది. అంగడిలో వెలుతురు చాలడం లేదని ఆయన వాకిలి దగ్గరికి జరిగి కూర్చున్నాడు. తర్వాత వీధి అరుగు మీదికి వచ్చాడు. ఎండలో ఇంకా అన్యాయంగా ఉండేది, కళ్ల ముందు తెల్లటి పొగ కమ్మినట్టు. ఒకరోజు తగరం కరిగించే కడ్డీని పిడి అనుకుని కాలిన కొసను పట్టుకున్నాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. మరునాడు ఇవ్వాల్సిన డబ్బాలు మూలన పడి ఉన్నాయి. లక్ష్మీనరసమ్మ కొంగు నడుముకు దోపుకుని కడ్డీ తీసుకుంది.

"నాకు చెప్పు. నేను చేస్తా" అంది.

"నీకు రాదు."

"రాదనే కదా చెప్పమంటాండేది."

ఆయన చెప్పాడు. రేకు ఎంత వేడెక్కితే తగరం పారుతుందో, ఎక్కడ ఆగుతుందో, మడత పెట్టేటప్పుడు చెక్క సుత్తి ఎంత మెత్తగా పడాలో చెప్పాడు. ఆమె చేసినదాన్ని ఒళ్లో పెట్టుకుని చూపుడువేలితో అతుకు పొడుగునా తడిమేవాడు. "ఈడ చిల్లుండాది" అనేవాడు. నీళ్లు పోసి చూస్తే అక్కడే కారేది. మొదటి ఏడాదంతా ఆయన వేలికి దొరకని అతుకు ఆమె వేయలేకపోయింది.

ఆడమనిషి రేకు కోస్తోందని బజారులో కొన్నాళ్లు చెప్పుకున్నారు. పని చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఆమెను దాటి లోపలికి తొంగిచూసి, "ఈరప్ప లేడామ్మా?" అని అడిగేవాళ్లు.

"ఉండాడు. పనేందో నాకు చెప్పు" అనేది ఆమె.

ఆ ఏళ్లలో వానలు సరిగా పడలేదు. బావులు అడుగంటాయి. ఆడవాళ్లు దూరం నుంచి నీళ్లు మోయాల్సి వచ్చేది. కిరసనాయిలు డబ్బాలకు కర్ర పిడులు బిగించడం, కారే బిందెలకు మాట్లు వేయడం, ఇదే పని పొద్దంతా. కరువు చాలామందికి పని లేకుండా చేసింది గానీ ఆ అంగడికి పని తెచ్చిపెట్టింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆమెకు నచ్చేది కాదు.

*

స్టేషను దారిలో నూనె మిల్లులవాళ్లు కలిసి కట్టించిన చిన్న కంటి ఆసుపత్రి ఉండేది. డాక్టరు గోవిందప్ప ఈ చుట్టుపక్కల పల్లెలోనే పుట్టి, మద్రాసులో చదువుకుని తిరిగొచ్చినవాడు. రోగులతో వాళ్ల మాటే మాట్లాడేవాడు. ఈరప్పను ఆయన దగ్గరికి తీసుకుపోవడానికి లక్ష్మీనరసమ్మకు ఏడాది పట్టింది. పోదామన్నప్పుడల్లా ఆయనకు ఏదో ఒక అడ్డం. చివరికి 1960 ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, అంగడి మూసి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

డాక్టరు టార్చిలైటు వేసి రెండు కళ్లూ చూశాడు.

"పొర బాగా ముదిరినాది ఈరప్పా. తీస్తే చూపు వస్తాది. అయితే ఇప్పుడు తియ్యను."

"ఎందుకు సార్?" అని లక్ష్మీనరసమ్మ అడిగింది.

డాక్టరు కిటికీ వైపు చెయ్యి చూపించాడు. బయట ఆషాఢపు గాలి ఈలవేస్తోంది. వాన తేని గాలి. దున్నిపెట్టిన చేలమీది ఎర్రమట్టిని లేపుకొచ్చి ఊరి మీద పోస్తుంది. తలుపులు మూసినా సందుల్లోంచి దూరుతుంది. ఆసుపత్రి బావి ఎండిపోయింది. బండి మీద వచ్చే పీపా నీళ్లు చేతులు కడుక్కోవడానికి, కత్తులు మరగబెట్టడానికే చాలీచాలకుండా ఉన్నాయి. రోజూ నేల తడిపి తుడవాలంటే కుదిరే పని కాదు.

"పోయినేడు ఇదే గాలిలో ఒక గొర్రెల ముసలాయనకు చేసినా. కన్ను చీము పట్టి పోయినాది. దుమ్ము వల్లనే అని రుజువు చెయ్యలేను, కాదని గూడా చెప్పలేను. అప్పటినుంచి గాలి నెలల్లో ఆపరేషను గది మూసేసినా. దసరా దాటినాంక రండి."

పక్కన ఈరప్ప గట్టిగా ఊపిరి వదిలాడు. పాపం, ఆశ పడ్డాడు అనుకుంది లక్ష్మీనరసమ్మ.

బయటికి వస్తుంటే వసారాలో పెద్ద రొద వినిపించింది. మారెక్క ఒక పొడుగాటి గొట్టాన్ని నేలమీద ముందుకూ వెనక్కూ తోస్తోంది. గొట్టం వెనక అడ్డంగా పడుకోబెట్టిన పీపాయిలాంటి మిషను. మారెక్క అంగడికి బిందెలు తెచ్చే మనిషే, వయసులో పెద్దది, ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప ఎప్పుడూ చెయ్యి ఖాళీగా ఉండదు. లక్ష్మీనరసమ్మను చూసి మీట నొక్కి రొద ఆపింది.

"దుమ్ము పీల్చే మిషను నరసమ్మా. బెంగుళూరులో ఎవరో దొరలు ఊరు విడిచిపోతా సామాన్లు అమ్మితే డాక్టరయ్య కొనుకొచ్చినాడు. కరెంటుతో పోతాది. నీళ్లొద్దు, ఊడ్చే పొరకొద్దు."

"అయితే ఇంగేం? ఆపరేషను ఎందుకు చెయ్యడంట?"

మారెక్క గోడ దగ్గరికి తీసుకుపోయి చూపించింది. నేల నల్ల బండలు. నడిమధ్య అద్దంలా ఉంది. గోడ పొడుగునా మాత్రం రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి పట్టీ మిగిలిపోయింది.

"ఎంత తోసినా గోడవార రాదు. తలుపు తెరిస్తే చాలు, గాలికి ఇదే పైకి లేస్తాది. పొరక పెడితే మొదటికే మోసం. దొరల ఇంట్లో తివాచీలు ఉండె, వాళ్లకు సరిపోయింటాది."

లక్ష్మీనరసమ్మ కూర్చుని గొట్టం కొసను తిప్పి చూసింది. ఇనుప మూతి. దాని అడుగున నడుమ ఒక సందు. చుట్టూ మందమైన అంచు, అంచుకు రబ్బరు పట్టీ. ఈరప్ప చేతిని పట్టుకుని దానిమీద పెట్టింది. ఆయన తడిమి చూశాడు.

"గోడకు తగిలేది అంచు. పీల్చేది నడుమ సందు" అన్నాడు. "ఈ రెండిటి నడుమ ఉండేదే నేల మీద మిగులుతాది."

ఆమె మళ్లీ లోపలికి పోయి డాక్టరును అడిగింది. "ఆ మిషనుకు రేకుతో వేరే మూతి చేసిస్తా సార్. గోడవార దుమ్ము పోతే ఆయప్పకు ఇప్పుడే చేస్తారా?"

"పోతే చేస్తా. పాత మూతిని మాత్రం చెడగొట్టొద్దు, ఇంకోటి దొరకదు. ఇంకో మాట. మిషనుకు ఉండే బలం అంతే. సందు పెద్దది చేసేకొద్దీ బలం పంచుకుపోతాది."

*

ఆమె మొదట చేసింది బాతు ముక్కులాంటి సన్నటి మూతి. గోడవార పెట్టి లాగితే ఎర్ర పట్టీ గీత గీసినట్టు మాయమైంది. లక్ష్మీనరసమ్మకు సంతోషమైంది గానీ మారెక్క వంగినదల్లా లేచి నడుము పట్టుకుంది.

"బాగుంది నరసమ్మా. అయితే ఒక్క గదికే నా పొద్దు పోయినాది. పెద్ద మూతితో ఒకసారి, దీంతో ఒకసారి తిరగల్లంటే ఆపరేషను ఎప్పుడు చేస్తారు? కరెంటు గూడా ఉండల్ల కదా."

ఆ మాట నిజమే. రెండు పనులూ ఒకే తోపులో కావాలి.

రెండోది వెడల్పుగా చేసింది. పల్చటి రేకు, అంచు కత్తివాదరంత సన్నం. అంచుకూ సందుకూ మధ్య దూరమే లేకపోతే మిగిలే పట్టీయే ఉండదని ఆమె లెక్క. ఈరప్ప కూడా సరేనన్నాడు. ఆసుపత్రి పని అయిపోయిన మధ్యాహ్నం ఇద్దరూ పట్టుకుపోయారు. ఈరప్పకు తెల్లటి వస్తువు నల్లటి దానిమీద లీలగా తెలిసేది. అందుకని ఆమె గోడవార ముగ్గుపిండి సన్నగా చల్లింది. మారెక్క మీట నొక్కింది. మూతి నేలకు కరుచుకుపోయింది. తోస్తే జరగదు, లాగితే కీచుమని బండను గీరుతుంది. గోడ దగ్గర ముగ్గు చెక్కుచెదరలేదు.

"ఏం, తెల్లగనే ఉండాది కదా" అన్నాడు ఈరప్ప.

ఆయన నేలమీద కూర్చుని, వేలు నోట్లో తడుపుకుని మూతి చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. గాలి తగిలిన వైపు వేలు చల్లబడుతుంది. ముందు వైపు ఏమీ తగల్లేదు. వెనక, బండల అతుకు మీద గరుకు ఉన్నచోట మాత్రం చల్లగా తగిలింది.

"గాలి యాడ సందుంటే ఆడి నుంచే వస్తాది. గోడ వైపు నువ్వు రేకుతో మూసేసినావు. గాలి రాని తావు నుంచి దుమ్మెట్లా వస్తాది?"

అంగడికి తిరిగొచ్చాక ఆమె దాన్నే తలచుకుంటూ కూర్చుంది. దుమ్మును పీల్చాలంటే మూతి అంచును దుమ్ము దగ్గరికి తీసుకుపోతే చాలదు. గాలికి గోడవైపు నుంచి దారి ఇవ్వాలి, మిగతా వైపుల దారి మూయాలి. ఇంతకాలం ఆమె చేసినవన్నీ కారకూడని వస్తువులు. మొదటిసారి, కావాలని కారే వస్తువు చేయాల్సి వచ్చింది.

మూడో మూతికి ముందు అంచున పళ్లు పళ్లుగా కోసింది. వెనక అంచుకు పాత కంబళి ముక్క మడిచి కుట్టింది, బండల గరుకు మీద కూడా గాలి దూరకుండా. ఈసారి మూతి గోడకు ఎదురుగా పోయి తగలగానే ముగ్గుపిండి పళ్ల సందుల్లోంచి లోపలికి పారింది. మారెక్క నవ్వింది. కానీ గోడ పక్కగా తోసుకుంటూ పోతే మళ్లీ పట్టీ మిగిలింది. పక్క అంచులకూ సందులు కావాలి. పక్కలకు కూడా కోస్తే గోడ లేనిచోట ఆ సందుల్లోంచి ఊరికే గాలి పోయి నడుమ బలం చచ్చిపోయింది. డాక్టరు చెప్పిన మాట అదే.

అంటే ఆ పక్క సందులు గోడ తగిలినప్పుడు తెరుచుకోవాలి, లేనప్పుడు మూసుకోవాలి. అంగడిలో కుంపటి రాజేసే తిత్తి ఊదుతుంటే దానిలోని తోలు రెక్క టపటప కొట్టుకోవడం ఆమెకు వినిపించింది. తిత్తి లేపితే రెక్క తెరుచుకుని గాలి తీసుకుంటుంది, నొక్కితే మూసుకుంటుంది. అలాంటి తోలు రెక్కలు రెండు కోసి పక్క సందులకు లోపలినుంచి వేలాడగట్టింది. మిషను పెట్టగానే రెండు రెక్కలూ గోడతో పనిలేకుండా వాటంతటవే లోపలికి లేచి నిలబడ్డాయి. మిషను పీలుపే వాటిని తెరిచేసింది.

ఆమె మూతి పట్టుకుని ఇంటికొచ్చింది. తిత్తి గాలి ఊదే వస్తువు, ఇది పీల్చే వస్తువు. ఆ తేడా ముందే తోచలేదేమని తన మీద తనకే కోపం వచ్చింది. అన్నం దగ్గర ఈరప్ప అన్నాడు, "రెక్క మంచిదే. దానికి మూసుకునే బలం లేదు, అంతే."

బలం ఎక్కడ దొరుకుతుందా అని ఆమె రెండు మూడు రోజులు అంగడిలో పాత సామానంతా కదిలించింది. ఎవరో అమ్మేసిన గోడ గడియారం స్ప్రింగు దొరికింది. దాన్ని సన్నగా చీల్చి రెక్క వెనక అతికింది. తోలు తీసేసి రేకు రెక్క పెట్టింది. రెక్కకు బయటవైపు గింజంత తగరం బొట్టు వేసింది. గోడ తగిలితే బొట్టు నొక్కుకుని రెక్క లోపలికి వంగుతుంది, గోడవార గాలికి దారి వస్తుంది. గోడ విడిస్తే స్ప్రింగు మూసేస్తుంది.

మారెక్క గోడ పక్కనే తోసుకుంటూ గది చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగింది. మూలల్లో బొటనవేలి గోరంత ముగ్గు మిగిలింది. మిగతా చోట నల్ల బండ.

"ఇప్పుడు తెల్లగా లేదు" అన్నాడు ఈరప్ప. ఆయన గొంతులో సంతోషం ఉందో లేదో లక్ష్మీనరసమ్మకు తెలియలేదు.

*

డాక్టరు కంటిచూపును నమ్మలేదు. గాజు ముక్కలకు వ్యాసలీను పూసి గదిలో అక్కడక్కడా పెట్టాడు. పాత మూతితో ఊడ్చిన నాడు కొన్ని, కొత్త మూతితో ఊడ్చిన నాడు కొన్ని. వాటికి అంటుకున్న దుమ్మును భూతద్దం కింద చూశాడు. లక్ష్మీనరసమ్మను పిలిచి ఆమెకూ చూపించాడు. ఒకదాని మీద మిరపపొడి చల్లినట్టుంది. రెండోదాని మీద వెతికితే కనిపించేంత.

"గురువారం చేద్దాం" అన్నాడు డాక్టరు. "ఈరప్పను ముందురోజే తీసుకురామ్మా."

ఆ మాట విన్నాక ఈరప్పకు మూతిలో లోపాలు కనిపించడం మొదలైంది.

"ఎడమ పక్క రెక్క సరిగ్గా మూసుకోవడం లేదు. గాలి కారుతాంది. అది బాగు చెయ్యకుండా పోయేది వద్దు" అన్నాడు. ఆమె విప్పి బాగుచేసింది. గురువారం దాటిపోయింది.

"కంబళి అరిగిపోతాది. దానికి ఏదన్నా చూడల్ల." ఆమె కంబళిని మార్చుకునేలా రేకు గాడిలో దూర్చింది. ఇంకో గురువారం పోయింది. నిజానికి ఈ రెండు సవరణలతో మూతి మెరుగైంది కూడా.

మూడోసారి ఆయన, "స్ప్రింగు తుప్పు పడతాది" అన్నాడు.

లక్ష్మీనరసమ్మ కత్తెర కింద పెట్టింది. "తుప్పు పట్టేకి ఈ ఊర్లో తేమ యాడుండాది?"

మధ్యాహ్నం ఎండ, బజారులో అలికిడి లేదు. గాలికి వాకిట్లోని గరాటులు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆమె పోయి ఆయన పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు దసరా దాకా వద్దు అంటే ఊపిరి వదిలినావు. అది బాధ అనుకున్నా నేను. కాదు కదా?"

"కాదు" అన్నాడు ఈరప్ప.

మళ్లీ ఆయనే మొదలుపెట్టాడు. "మా నాయనకూ ఇట్లే పొర వచ్చినాది. సంతకు ఒకడు వచ్చినాడు, సూదితో పొరను వెనక్కి నూకేవాడు. నాయన కదలకుండా తల పట్టుకోమన్నారు నన్ను. చిన్నోణ్ని. పట్టుకున్నా. విడిచిపెట్టురా, విడిచిపెట్టు అని నాయన అంటానే ఉండె. నేను విడవలే. వారం తిరక్కముందే రెండు కండ్లూ కుళ్లిపోయినాయి."

"ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు నన్ను ఆసుపత్రికి పిలుచుకొనిపోవని. పిలుచుకొని పోకుంటే బాగుండునని గూడా అనిపించేది. రెండూ ఉండె."

ఆమె ఆయనకు ధైర్యం చెప్పలేదు. ఆ డాక్టరు అలాంటివాడు కాదని గానీ, దేవుడున్నాడని గానీ అనలేదు. ఆయన మోకాలి మీద రేకు నలుసు అంటుకుని ఉంటే తీసేసింది.

"నీ తల ఎవరూ పట్టుకోరు. మారెక్కను అడిగినా. అటూ ఇటూ ఇసక మూటలు పెడతారంట, నొప్పి తెలీకుండా మందు వేస్తారంట. ఆ పొద్దు గది నేనే శుభ్రం చేస్తా. గోడవార నేనే చూస్తా. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు."

ఈరప్ప తల ఊపాడు. "ఎడమ పక్క గాలి కారింది మాత్రం నిజమే. అది నేను కల్పించలే" అన్నాడు.

"తెలుసు. అందుకే బాగుచేసినా" అంది ఆమె.

*

ఆ గురువారం పొద్దున్నే లక్ష్మీనరసమ్మ తలకు గుడ్డ కట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని ఆపరేషను గదిలోకి పోయింది. డాక్టరు అభ్యంతరం చెప్పలేదు. మారెక్క మిషను పీపాయిని వెనకనుంచి జరుపుతుంటే ఆమె మూతిని గోడ పొడుగునా నడిపించింది. మూలల దగ్గర ఆగి బాతు ముక్కు తొడిగి ఆ కాస్తా లాగింది. తర్వాత తలుపు మూసి, సందులకు తడిగుడ్డలు కుక్కారు. ఆ గుడ్డలకు మాత్రం పీపా నీళ్లు వాడనిచ్చారు.

ఈరప్పను లోపలికి తీసుకుపోయాక ఆమె వసారాలో కూర్చుంది. గాలి ఆ రోజు కూడా తగ్గలేదు. వసారా మెట్ల మీద ఎర్రమట్టి అలలు అలలుగా పేరుకుంటూ ఉంది. లోపలినుంచి మాటలు వినిపించాయి గానీ అరుపు వినిపించలేదు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "అయిపోయినాది. కదలకుండా పడుకున్నాడు. మాటలాడించొద్దు" అన్నాడు.

కళ్లకు కట్టు కట్టి, తలకు రెండువైపులా ఇసుక మూటలు పెట్టి రోజులతరబడి పడుకోబెట్టారు. ఆమె గంజి చెంచాతో పోసేది. కట్టు మార్చినప్పుడల్లా డాక్టరు ముఖం చూసేది. చీము లేదు, ఎరుపు తగ్గుతోంది అని మారెక్క బయటికొచ్చి చెప్పేది. కట్టు పూర్తిగా విప్పిన రోజు డాక్టరు, "ఏం కనపడతాంది ఈరప్పా?" అని అడిగాడు.

ఈరప్ప తల తిప్పకుండా కొంచెంసేపు చూశాడు. "మారెక్క తెల్లకోక. దానెనక కిటికీ. ఈ పక్క నరసమ్మ. మొగం సరిగా తెలీడం లేదు, నిలబడిన తీరు తెలుస్తాంది."

మారెక్క దండం పెట్టుకుంది. లక్ష్మీనరసమ్మ బయటికి పోయి ముఖం కడుక్కుందామని పీపా దగ్గర నిలబడి, నీళ్లు వృథా అని కొంగుతో తుడుచుకుని వచ్చింది.

ఆ ఏడాది మిగిలిన గాలి నెలల్లో ఆపరేషను గది మూయలేదు. తాడిపత్రి వైపు నుంచి, పత్తికొండ వైపు నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారు. అందరికీ చూపు రాలేదు. కొందరి కళ్లు అప్పటికే చెడిపోయి ఉన్నాయి. కన్ను చీము పట్టిన కేసు మాత్రం ఆ కాలమంతా రాలేదని డాక్టరు తరువాత చెప్పాడు. అది మూతి వల్లనేనా అని ఎవరో అడిగితే, "కొంత దానివల్ల, కొంత మా అదృష్టం" అన్నాడట.

ఈరప్పకు దళసరి అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుంటే వస్తువులు పెద్దవిగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపించేవి. కత్తెర అందుకోబోతే చెయ్యి గాలిని పట్టేది. అయినా అంగడిలో తన పాత చోట కూర్చుని ఒక గరాటు కోయడానికి ప్రయత్నించాడు. బొటనవేలు తెగింది. గుడ్డ చుట్టుకుని, కత్తెరను ఆమె వైపు జరిపాడు.

"నాకు దూరం తెలీడం లేదు. నువ్వే కోయి. గీత నేను గీస్తా" అన్నాడు.

ఆ ఏర్పాటే ఉండిపోయింది. ఆయన రేకు మీద వంగి గీత గీసేవాడు, బేరం మాట్లాడేవాడు. కోయడం, వంచడం, అతకడం ఆమెవి. బజారు వాళ్లకు అలవాటైంది. అంగడి పేరు మాత్రం ఈరప్పదిగానే నిలిచింది. ఆమెకు దాని మీద పట్టింపు లేదు.

రెండేళ్ల తర్వాత గోవిందప్ప స్నేహితుడొకాయన బళ్లారిలోని తన ఆసుపత్రికి అలాంటి మూతే కావాలన్నాడు. ఇక్కడి కొలతలతో చేసి పంపితే అది పనికిరాలేదు. భార్యాభర్తలు రైలెక్కి పోయారు. చూస్తే అక్కడ నేలా గోడా కలిసేచోట సిమెంటుతో వంపు తిప్పి ఉంది. చదునైన మూతి ఆ వంపు మీదికి ఎక్కి నిలబడుతోంది. లక్ష్మీనరసమ్మ అక్కడే వసారాలో కూర్చుని, పక్క అంచును వంపుకు సరిగ్గా వంచి, బొట్టును పైకి జరిపి అతికింది. పొద్దు వాలేసరికి పని అయింది. ఈరప్ప తనకు పని నేర్పిన సాయెబు ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. సాయెబు పోయి చాలాకాలమైందని, కొడుకులు సైకిళ్ల అంగడి పెట్టుకున్నారని తెలుసుకుని వచ్చాడు. రైల్లో తిరిగొస్తూ ఆ సైకిళ్ల గురించే మాట్లాడాడు.

గుత్తి ఆసుపత్రి మిషను 1965 ఎండాకాలంలో మోటారు కాలి ఆగిపోయింది. బాగుచేసేవాళ్లు దొరకలేదు. ఆ సరికే బోరింగు వేయడంతో ఆసుపత్రికి నీళ్లు వచ్చాయి. మారెక్క బకెట్టు, గుడ్డ పట్టుకుంది. రొద లేకుండా ప్రాణం హాయిగా ఉందని నాతో అంది.

నేను లక్ష్మీనరసమ్మను ఈ సంగతులన్నీ అడిగింది ఆ మరుసటి ఏడు. ఆమె అప్పుడు వేరుశనగ విత్తనం దాచే పెద్ద డబ్బా ఒకటి ముందు పెట్టుకుని ఉంది. ఎలుక పంటికి అందని మూత కావాలని ఎవరో రైతు అడిగాడట. రెండు మూతలు చేసి చూసింది, రెండూ ఎలుకలు లేపేశాయి. నాకు చెప్పడం ఆపి, మూతను అటూ ఇటూ తిప్పి చూసి, లోపల చుట్ట కాలుస్తున్న ఈరప్పను కేకేసింది.

"ఇట్లా రా. కొత్త రేకు మీద గీత గియ్యాల."